అప్‌డేట్: మొదటి ప్రపంచ యుద్ధం ఎలా చదవాలని అడిగాను కదా

ముందు యుద్ధరంగాలు చదవాలా, రాజకీయాలా అన్నది నా ప్రశ్న. రెండూ విడదీయకుండా 1914 జులై, ఆగస్టు నెలలను తేదీల వారీగా చదవమన్నారు. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్, బాగా పనికొచ్చింది.

నోట్‌బుక్‌లో ఎడమవైపు రాయబారాలు, కుడివైపు సైన్యాల కదలికలు రాసుకుంటూ వెళ్లాను. జులై 23న ఆస్ట్రియా సెర్బియాకు 48 గంటల గడువు ఇచ్చేదాకా ఎడమవైపే నిండింది. 30న రష్యా చక్రవర్తి జార్ సైన్య సమీకరణకు ఒప్పుకున్నాక కుడివైపు ఇక ఆగలేదు. ఆగస్టు 1 మాత్రం మళ్లీ మళ్లీ చదివాను. సైన్యాన్నంతా తూర్పుకే, రష్యా మీదికే పంపుదామని జర్మనీ చక్రవర్తి కైజర్ అంటే, లక్షల మందిని అప్పటికప్పుడు మళ్లించడం కుదరదని సేనాధిపతి మోల్ట్‌కే తేల్చి చెప్పేశాడు. ఏళ్ల తరబడి వేసుకున్న రైళ్ల ప్రణాళిక ప్రధానంగా పడమర వైపుకే మరి! చక్రవర్తి మాట కన్నా రైళ్ల టైమ్‌టేబుల్‌దే పైచేయి అయిందంటే ఎంత భయం వేస్తుందో. 4వ తేదీకల్లా జర్మన్లు బెల్జియంలోకి చొరబడ్డారు, బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మనవాళ్లను అడక్కుండానే భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టే అయింది.

అందుకే తర్వాత మెసపటోమియా (ఇప్పటి ఇరాక్) యుద్ధరంగం మొదలుపెడుతున్నా. 1916 ఏప్రిల్‌లో అక్కడి కూత్ పట్టణంలో టర్కీ సేనలకు లొంగిపోయిన బ్రిటిష్ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. దాని గురించి చదివినవాళ్లుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.