స్పాన్సర్ పంపిన ట్యాగు పెట్టాలా, బొమ్మా లింకూ సరిపోతాయా?

గవాక్షం

చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. యాడ్ నెట్‌వర్కుల జోలికి పోకుండా స్పాన్సర్‌తో నేరుగా మాట్లాడుకుని బ్లాగులో ప్రకటన వేస్తున్నాం అనుకుందాం. రెండు దారులున్నాయి. బొమ్మ, లింకు తీసుకుని మన సర్వర్లోనే పెట్టి చూపించడం ఒకటి. వాళ్ళు పంపిన జావాస్క్రిప్ట్ ట్యాగును (వాళ్ళ సర్వరు నుంచి స్క్రిప్టును, అంటే నడిచే కోడును, పేజీలోకి తెచ్చే ముక్క) విడ్జెట్లో అతికించి, ఏం చూపించాలో వాళ్ళకే వదిలెయ్యడం రెండోది.

నా మాట సూటిగా: పరాయి స్క్రిప్టుకు చోటే ఇవ్వకూడదు. పేజీలో నేరుగా నడిచే స్క్రిప్టుకు పేజీ మొత్తం మీద హక్కు వచ్చేస్తుంది. కామెంటు పెట్టెలో పాఠకుడు కొడుతున్న ఈమెయిలు చదవగలదు, వ్యాసంలో లింకులు మార్చగలదు, ఫోన్లో చదువుకుంటున్నవాణ్ణి "మీరు బహుమతి గెలిచారు" పేజీకి ఈడ్చుకుపోగలదు. ఇవాళ ఆ ఫైలు శుభ్రంగానే ఉండొచ్చు. రేపు అదే చిరునామాలో వేరే ఫైలు పెడితే మనకు చెప్పేవాడెవడు? స్పాన్సర్ ఒక్కడూ మంచివాడైతే చాలదు. అతని ఏజెన్సీ, ఆ ఏజెన్సీ వాడే సర్వరు, ఆ సర్వరు పిలిచే ఇంకో నాలుగు సర్వర్లు, అందరూ మంచివాళ్ళై ఉండాలి.

బొమ్మతో ఈ గొడవ లేదు. 300×250 చోటుకు 600×500 బొమ్మ అడగాలి, లేకపోతే ఇప్పటి ఫోన్ తెరల మీద అక్షరాలు మసకగా వస్తాయి. వెబ్‌పీ ఫార్మాట్లో 100 కేబీ దాటనివ్వకూడదు. ఎత్తూ వెడల్పూ కోడులో రాయాలి. లింకుకు రెల్ (అది ఎలాంటి లింకో గూగుల్‌కు చెప్పే గుణం) విలువ స్పాన్సర్డ్ అని పెట్టాలి, పైన "ప్రకటన" అని కనబడేలా రాయాలి. అక్కడితో పని అయిపోయింది.

తూనికరాయి

పని అయిపోయింది మీ వైపు, గవాక్షం గారూ. డబ్బిచ్చేవాడికి అప్పుడే మొదలవుతుంది. ఒకే ప్రచారం నలభై సైట్లలో నడుపుతున్నవాడికి నలభై రకాల లెక్కలు వస్తే ఏం చేసుకోవాలి? ఒకరు పేజీ వ్యూలు పంపుతారు. ఇంకొకరు సర్వర్ లాగులో బొమ్మ ఎన్నిసార్లు దిగిందో లెక్కేసి పంపుతారు. మిగతావాళ్ళది నోటిలెక్క. అందరినీ ఒకే రాయితో తూయడానికే అతను తన ట్యాగు పెట్టమంటాడు.

పేజీ తెరిచినంత మాత్రాన యాడ్ చూసినట్టు కాదు. అమెరికాలో ఇలాంటి కొలతలకు ప్రమాణాలు పెట్టే మీడియా రేటింగ్ కౌన్సిల్ ప్రకారం మామూలు బ్యానర్‌లో కనీసం 50 శాతం పిక్సెళ్ళు ఒక సెకను ఆగకుండా తెర మీద ఉంటేనే అది కనబడిన ఇంప్రెషన్ (యాడ్ ఒకసారి చూపించినట్టు లెక్క). 970×250, అంటే 2,42,500 పిక్సెళ్ళు, ఆపైన ఉన్న పెద్ద బ్యానర్లకు 30 శాతం చాలు.

ఇప్పుడు సైడ్‌బార్ సంగతి చూడండి. ఫోన్లో సైడ్‌బార్ అనేదే ఉండదు. చాలా థీముల్లో అది వ్యాసం కిందికి, కొన్నిట్లో కామెంట్ల కిందికి జారిపోతుంది. నెలకు 60,000 పేజీ వ్యూల బ్లాగు అనుకోండి, అందులో 40,000 ఫోన్ల నుంచి. పేజీ అడుగుదాకా వచ్చేవాళ్ళు పదిమందిలో ఇద్దరైతే అక్కడ 8,000. మిగతా 20,000 డెస్క్‌టాప్ వ్యూల్లో, యాడ్ పైనే ఉంది కాబట్టి, 14,000 వేసుకుందాం. మొత్తం 22,000. మీ రేట్ కార్డులో ఉన్న అంకె 60,000. మీకు మోసం చేసే ఉద్దేశం లేకపోవచ్చు, కానీ కొన్నవాడికి తేడా కనబడిన రోజున అలాగే అనిపిస్తుంది.

గవాక్షం

సైడ్‌బార్ దెబ్బ ఒప్పుకుంటాను. ఫోన్లకు విడిగా, వ్యాసంలో మూడో పేరా తర్వాత చోటు పెట్టాలి. కానీ కనబడిన లెక్క తియ్యడానికి వాళ్ళ ట్యాగు ఎందుకు? బ్రౌజర్లో ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ ఉంది, పేజీలో ఏ ముక్క తెర మీద ఎంత కనబడుతోందో అది చెబుతుంది. సగం కనబడగానే ఒక సెకను గడియారం మొదలుపెట్టడం, ఈలోపు పైకో కిందికో జరిగితే రద్దు చెయ్యడం, సెకను నిండితే సెండ్‌బీకన్‌తో (బ్రౌజరు నుంచి చిన్న కబురు పంపే పద్ధతి) మన సర్వర్లో ఒక గీత గీయడం. ఇరవై లైన్ల కోడు. పాఠకుడు వేరే ట్యాబుకు వెళితే గడియారం ఆగాలి, చాలామంది మరిచిపోయేది అదే. వారానికోసారి ఆ లెక్క స్పాన్సర్‌కు పంపితే సరి.

తూనికరాయి

అమ్మేవాడే తూకం వేసి, అమ్మేవాడే చీటీ రాసిస్తే కొనేవాడు నమ్మాలంటారు. రెండు పక్కలా లెక్క ఉన్నప్పుడు 10 శాతం దాకా తేడాను ఈ వ్యాపారంలో మామూలుగానే సర్దుకుంటారు, అది దాటితేనే కూర్చుని మాట్లాడుకుంటారు. ఒక్క పక్కే లెక్క ఉంటే సర్దుకోవడానికి రెండోది ఏదీ?

మీ భయానికి మందు ఐఫ్రేమ్, అంటే పేజీలో విడి కిటికీగా తెరుచుకునే ఇంకో పేజీ. ట్యాగును పేజీలో కాకుండా శాండ్‌బాక్స్ (లోపలి కోడు ఏం చెయ్యకూడదో కట్టడి చేసే గుణం) పెట్టిన ఐఫ్రేమ్‌లో వెయ్యండి. అందులో సడలింపులుగా అలౌ-స్క్రిప్ట్స్ (కోడు నడవడానికి), అలౌ-పాపప్స్ (నొక్కితే కొత్త కిటికీ తెరవడానికి) ఇవ్వండి. అలౌ-టాప్-నావిగేషన్ ఇవ్వకండి, అది లేకపోతే పాఠకుణ్ణి బలవంతంగా వేరే పేజీకి తొయ్యలేదు. కామెంటు పెట్టె కూడా దానికి కనబడదు.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, ట్యాగు ఉన్న ఫైలు మీ డొమైన్ మీదే పెట్టి అలౌ-స్క్రిప్ట్స్‌తో పాటు అలౌ-సేమ్-ఆరిజిన్ (దాన్ని మీ సైటులో భాగంగానే చూడమనడం) కూడా ఇవ్వడం. అప్పుడు లోపలి స్క్రిప్టు బయటికొచ్చి శాండ్‌బాక్స్ గుణాన్నే తీసెయ్యగలదు, కంచె కట్టి తలుపు తెరిచినట్టు. రెండోది, అలౌ-పాపప్స్-టు-ఎస్కేప్-శాండ్‌బాక్స్ మరిచిపోవడం. అది లేకపోతే యాడ్ నొక్కాక తెరుచుకునే స్పాన్సర్ పేజీ కూడా అవే ఆంక్షల్లో తెరుచుకుంటుంది. ఫారం నింపితే వెళ్ళదు, లాగిన్ నిలవదు. "క్లిక్కులొస్తున్నాయి, కొనేవాడు ఒక్కడూ లేడు" అని స్పాన్సర్ ఫిర్యాదు చేస్తే ముందు చూడాల్సింది ఇక్కడే.

బలపం

ఇద్దరూ తూకం గురించి కొట్టుకుంటున్నారు, అసలు తూచి అమ్మాలని ఎవరన్నారు? వెయ్యి ఇంప్రెషన్లకు ఇంత అని అమ్మితే లెక్క కావాలి, లెక్క కావాలంటే ట్యాగు కావాలి. నెలకు ఇంత అని చోటును అద్దెకిస్తే ఈ గొలుసంతా తెగిపోతుంది. ఇంటి అద్దె ఎవరూ లోపల ఎన్నిసార్లు నడిచాడో చూసి కట్టరు.

రాసుకోవాల్సింది ఒక పేజీ. ఏ చోటు, ఏ సైజు, ఫోన్లో అది ఎక్కడ పడుతుంది (తెరపట్టు, అంటే స్క్రీన్‌షాట్, జత చెయ్యండి, మాటల్లో చెబితే రేపు వాదన వస్తుంది). ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. ఆ చోట ఒక్కరేనా, పంచుకుంటున్నారా. అదే రంగంలోని పోటీదారుకు పక్క చోటు ఇవ్వొచ్చా. బొమ్మ నెలకు ఎన్నిసార్లు మార్చవచ్చు. సైటు ఒక రోజుకు మించి పడిపోతే అన్ని రోజులు చివర కలపడం. డబ్బు ముందే.

నెల కాకుండా కనీసం మూడు నెలలు అమ్మండి. ఒక్క నెలకు అమ్మితే సగం కాలం బొమ్మ కోసం ఎదురుచూడ్డానికి, మిగతా సగం రెన్యువల్ అడగడానికి పోతుంది. గడువు ముగిసే పది రోజుల ముందు ఉత్తరం వెళ్ళాలి, ముగింపు రోజున యాడ్ దానంతటదే దిగిపోవాలి. అరువు మీద ఇంకో వారం నడిపితే ఆ వారం డబ్బు రావడం అరుదు.

తూనికరాయి

బలపం గారూ, చిన్న స్పాన్సర్లకు అద్దె పద్ధతే నయం, కాదనను. కానీ వెతుకుడు నుంచి వచ్చే జనం సగానికి పడిపోయిన నెలలో అద్దె అంతే ఉంటే వాడు వాదించడు, రెన్యువల్‌కు రాడు, అంతే. నా సలహా, అద్దెతో పాటు అడుగు గీత ఒకటి రాయండి: నెలకు కనబడిన ఇంప్రెషన్లు 20,000 కంటే తగ్గితే ఆ లోటు తీరేదాకా రోజులు పెంచుతాం అని. గవాక్షం గారి ఇరవై లైన్లు ఇక్కడ పనికొస్తాయి.

ఇంకో మాట. సర్వర్ లాగు చూసి ఇంప్రెషన్లు చెప్పకండి ఎవరూ. బొమ్మను బ్రౌజరు ఒకసారి దాచుకుంటే మళ్ళీ అడగదు, కాబట్టి లాగులో తక్కువ పడుతుంది. లేజీ లోడింగ్ (దగ్గరికి వచ్చేదాకా బొమ్మను దించకుండా ఆపడం) పెట్టినా బొమ్మ తెర మీదికి రాకముందే, చాలా దూరంలో ఉండగానే దిగుతుంది, కాబట్టి ఎక్కువా పడుతుంది. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు అవ్వవు.

చీమలదండు

ఒక చోటును ముగ్గురు స్పాన్సర్లకు పంచితే వచ్చే తంటా ఎవరూ ఎత్తలేదు. సర్వర్లో నడిచే పీహెచ్‌పీ కోడులో ర్యాండమ్ రాసి మూడింట్లో ఒకటి చూపిస్తారు. ఇటు పేజీ క్యాష్ ప్లగిన్ (ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే ఇచ్చేది) నడుస్తుంటుంది. క్యాష్ తయారైన క్షణాన ఎవరి బొమ్మ పడిందో అది తీసేసేదాకా, అంటే ఆరు గంటలో ఒక రోజో, ఆ పేజీకి వచ్చిన ప్రతివాడికీ అదే బొమ్మ. ఎక్కువమంది చదివే పోస్టు ఒకరి చేతికి చిక్కుతుంది, మిగతా ఇద్దరికీ ఎవరూ చదవని పేజీలు. లాగిన్ అయి చూసే బ్లాగు యజమానికి మాత్రం క్యాష్ వర్తించదు కాబట్టి బొమ్మలు చక్కగా మారుతూ కనబడతాయి, తప్పు ఎప్పటికీ పట్టుబడదు. ఎంపిక బ్రౌజర్లో జరగాలి: మూడు బొమ్మల వివరాలూ పేజీలో ఉంచి, ఏది చూపాలో చిన్న స్క్రిప్టుతో అక్కడే తేల్చాలి. పరీక్షించేటప్పుడు లాగౌట్ అయి, ప్రైవేట్ కిటికీలో చూడండి.

దీనికోసం యాడ్ సర్వర్ (ఏ చోట ఎప్పుడు ఎవరి ప్రకటన చూపాలో చూసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టమనేవాళ్ళు ఉంటారు. పదిమంది స్పాన్సర్లు, ఆరేడు చోట్లు, తేదీల ముడులు ఉంటే రివైవ్ యాడ్‌సర్వర్ లాంటిది పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. ఇద్దరు స్పాన్సర్లకు మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పైగా అదొక కొత్త తలుపు. రివైవ్ పాత పేరు ఓపెన్‌ఎక్స్. 2013లో ఆ ఓపెన్‌ఎక్స్ 2.8.10 డౌన్‌లోడ్ ఫైల్లోనే దొంగదారి దూరి ఉన్నట్టు బయటపడింది. యాడ్ సర్వర్ చేజారితే అది నడిపే ప్రతి పేజీ చేజారినట్టే. అప్‌డేట్లు వెంటనే వెయ్యలేనివాళ్ళు దాని జోలికి పోకూడదు.

చోటు ఖాళీగా ఉన్న నెలల్లో పెట్టెను ముడిచెయ్యకండి. కనీస ఎత్తు 250 పిక్సెళ్ళు ముందే కేటాయించి అందులో మన సొంత ప్రకటన, పాత మంచి పోస్టుకు లింకో న్యూస్‌లెటరో, వెయ్యండి. లేకపోతే బొమ్మ ఆలస్యంగా దిగినప్పుడల్లా వ్యాసం కిందికి గెంతుతుంది. ఈ గెంతుల కొలత సీఎల్ఎస్, గూగుల్ మంచిదనేది 0.1 లోపు. ఫోన్లో వ్యాసం మధ్య ఒక్క బ్యానర్ అలా గెంతితే చాలు, ఆ గీత దాటేస్తాం.

అచ్చుతప్పు

యాడ్ బ్లాకర్ల మాటేమిటి? ఫైలు పేరులో బ్యానర్, స్పాన్సర్ అని ఉన్నా, 728×90 లాంటి సైజు ఉన్నా లేపేస్తున్నాయి. పేరు మార్చి దాటించొచ్చా?

గవాక్షం

పేర్లు మామూలుగా పెట్టండి, ఫోల్డరు "బొమ్మలు", ఫైలు స్పాన్సర్ పేరుతో. అంతవరకు న్యాయమే. జాడ తియ్యని, మన సర్వర్ నుంచే వచ్చే బొమ్మ కోసం ఎవరూ బ్లాకర్ పెట్టుకోలేదు.

చీమలదండు

అక్కడ మీతో ఏకీభవించను. యాడ్ వద్దనుకున్నవాడు వద్దనుకున్నాడు, ఎందుకన్నది మనం ఊహించకూడదు. ఫిల్టర్ జాబితాలో మన బొమ్మ పడ్డాక మళ్ళీ పేరు మార్చడం, మళ్ళీ పడడం, ఈ దాగుడుమూతలకు అంతు లేదు. ఒప్పందంలోనే "బ్లాకర్ ఉన్నవాళ్ళు లెక్కలోకి రారు" అని ఒక వాక్యం రాస్తే పోతుంది.

అచ్చుతప్పు

సరే, రెండోది. స్పాన్సర్ రెల్ స్పాన్సర్డ్ తీసెయ్యమంటున్నాడు, రేటు పెంచుతానంటున్నాడు. మూడోది, క్లిక్కుల లెక్క కోసం సొంత రీడైరెక్ట్ లింకు (మన సర్వరు మీదుగా స్పాన్సర్ పేజీకి పంపేది) పెట్టాక మొదటి వారం ఒక అంకె, తర్వాత బాగా తక్కువ. ఎందుకు?

బలపం

రెల్ తీసెయ్యమన్నవాడు కొంటున్నది యాడ్ కాదు, గూగుల్ దగ్గర మీ పరపతి. డబ్బు తీసుకున్న లింకుకు 2005 నుంచి నోఫాలో (ఈ లింకుకు నా పరపతి ఇవ్వొద్దని చెప్పే రెల్ విలువ) ఉంది, 2019 సెప్టెంబరులో స్పాన్సర్డ్ వచ్చింది, రెండింట్లో ఏదో ఒకటి ఉండాలన్నది గూగుల్ నియమం. పట్టుబడితే మీ సైటు మీద మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) పడుతుంది, అతని ఒక్క యాడ్ డబ్బుకు మీ జనమంతా పోతారు. వద్దని చెప్పండి. మంచి స్పాన్సర్ ఈ మాట అడగడు, కాబట్టి పోయేది కూడా పెద్దగా ఏమీ లేదు.

తూనికరాయి

మూడోదానికి నేను చెబుతా. ఆ రీడైరెక్ట్ 301 అయి ఉంటుంది, చూడండి. 301 అంటే శాశ్వతం అని బ్రౌజరు గుర్తుపెట్టుకుని, అదే మనిషి రెండోసారి నొక్కితే మీ సర్వరును అడగకుండా నేరుగా వెళ్ళిపోతుంది. క్లిక్కు పడదు. పైగా స్పాన్సర్ తన పేజీ చిరునామా మార్చినా పాతవాళ్ళు పాత చోటికే పోతారు. 302 (తాత్కాలికం) చెయ్యండి, క్యాష్-కంట్రోల్‌లో నో-స్టోర్ (దాచుకోవద్దని బ్రౌజరుకు సూచన) పెట్టండి.

ఇంకో కారణం బాట్లు, అంటే మనుషులు కాక లింకులు తెరుచుకుంటూ తిరిగే ప్రోగ్రాములు. కొత్త లింకు కనబడగానే అన్నీ వచ్చి నొక్కుతాయి, మొదటి వారం అంకె దానివల్లే ఉబ్బి ఉండొచ్చు. రీడైరెక్ట్ ఉన్న దారిని రోబోట్స్ ఫైల్లో మూసెయ్యండి. అది మర్యాదగల బాట్లకే, మిగతావాటికి యూజర్ ఏజెంట్ (వచ్చింది ఎవరో తనే చెప్పుకునే పేరు) చూసి తీసెయ్యాలి, హెడ్ అభ్యర్థనలు (పేజీ అడగకుండా దాని వివరాలే అడిగేవి) అసలు లెక్కపెట్టకూడదు. లింకు చివర యూటీఎం తోకలు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తులు) పెట్టి స్పాన్సర్ తన అనలిటిక్స్‌లో సెషన్లు చూసుకునేలా చెయ్యండి. అవి మీ క్లిక్కుల కంటే తక్కువే ఉంటాయి. పేజీ తెరుచుకునేలోపు వెనక్కి పోయేవాళ్ళు, అనలిటిక్స్‌ను అడ్డుకునే బ్లాకర్లు ఉన్నవాళ్ళు అందులో పడరు. ఈ సంగతి మొదటి నివేదికతోనే చెప్పెయ్యండి, అతను అడిగాక చెబితే సాకులా వినబడుతుంది.

గవాక్షం

పేజీలో నేరుగా స్క్రిప్టు వద్దన్న మాట మీదే ఉన్నాను. శాండ్‌బాక్స్ ఐఫ్రేమ్‌లో అయితే, అదీ స్పాన్సర్ సొంత డొమైన్ నుంచి వచ్చేదైతే, పెట్టనిస్తాను. కానీ యూరప్ పాఠకులుంటే అది కుకీ పెట్టేముందు వాళ్ళ సమ్మతి తీసుకోవాల్సింది మనం. ఆ సమ్మతి అడిగే కిటికీ కట్టే పని కూడా అద్దెలో కలిపి అడగండి, అచ్చుతప్పు గారూ.