మన కొండల చలి సారసీనియాకు చాలుతుందా, ఫ్రిజ్‌లో పెట్టాల్సిందేనా?

జయపురం మొక్కలు: ఒడిశా కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో అక్కావాళ్ల డాబా మీద కుండీల్లో సారసీనియా పెంచుదామనుకుంటున్నా. పురుగుల్ని తినే ఈ అమెరికా బురదనేలల మొక్కకి శీతాకాలంలో మూడు నాలుగు నెలలు నిద్ర కావాలట. అందుకని దుంప తీసి, తడి నాచు చుట్టి, ఫ్రిజ్‌లో పెట్టమంటున్నారు. ఆరుబయట వదిలేస్తే కుదరదా?

బరంపురం బాబాయ్: కుదరదు. ఇందులో పర్పూరియా అనే రకం కెనడా న్యూఫౌండ్‌లాండ్ వాళ్ల అధికార పుష్పం. మంచు కింద బతికే మొక్క అది. మా ఊళ్లో జనవరి మధ్యాహ్నం కూడా ఫ్యాన్ వేసుకుంటాం. ఫ్రిజ్ తప్పదు.

పొట్టంగి వాలు: బాబాయ్ గారూ, మంచును తట్టుకుంటుంది అంటే మంచు లేకపోతే చస్తుందని కాదండీ. ల్యూకోఫిల్లా, మైనర్ లాంటి సారసీనియా రకాలు ఫ్లోరిడా వైపువి. అక్కడ నేల ఎప్పుడో కానీ గడ్డకట్టదు. మా వైపు డిసెంబరు, జనవరి రాత్రుళ్లు 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. కొత్త కూజాలు (పురుగుల్ని పట్టే గొట్టం లాంటి ఆకులు) రావడం ఆగి, పాతవి పైనుంచి ఎండుకొస్తే మొక్క పడుకున్నట్టే. ఫ్రిజ్‌లో బూజు పట్టి దుంప కుళ్లితే ఏం చేస్తారు?

బరంపురం బాబాయ్: బూజు మందులో ముంచి పెట్టాలి, అంతే. రాత్రి చలి సరే, పగటి ఎండ సంగతో? పైగా పగలు కురచ కావడం కూడా నిద్రకి ఒక సైగ. ఫ్లోరిడా ఉత్తరాన డిసెంబరు పగలు 10 గంటల పైచిల్లర. మనకి దాదాపు 11.

పొట్టంగి వాలు: ఆ ముప్పావుగంట తేడాకి ఫ్రిజ్ దాకా వెళ్లాలా? చలి, కురచ పగలు రెండూ కలిసి పనిచేస్తాయి.

సిరోంచ గట్టు: మీరంతా చలి దగ్గరే ఆగిపోయారు. మాది గడ్చిరోలి జిల్లా, పక్కన చంద్రపూర్‌లో మే నెలలో 46, 47 డిగ్రీలు. చలిదేశాల్లో కుండీ గడ్డకడుతుందని భయం. మనకి వేర్లు ఉడికిపోతాయని. నల్ల కుండీ వద్దు, తెల్లది, పెద్దది, ప్లాస్టిక్‌ది తీసుకోండి. అడుగున పళ్లెంలో నీళ్లు ఎప్పుడూ నిలవాలి. బోరు నీళ్లు మాత్రం పోయకండి, అందులోని ఉప్పులకే చస్తుంది. టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 50 లోపు ఉండాలి, అంటే వాననీళ్లో ఆర్వో నీళ్లో. కోరాపుట్ వానలకి డ్రమ్ములు పట్టి పెట్టుకుంటే ఎండాకాలం గట్టెక్కుతారు. నర్సరీవాళ్లు పీట్ మాస్ (కుళ్లిన నాచు) బదులు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) అంటగడతారు. కడగని కోకోపీట్‌లో ఉప్పుంటుంది, చూసుకోండి. ఎరువు అసలే వద్దు.

బరంపురం బాబాయ్: ఇంత తంటా ఎందుకు? మేఘాలయ నెపెంథిస్ పెంచుకోండి, అదీ పురుగుల్ని తినేదే, దానికి నిద్ర గొడవే లేదు.

పొట్టంగి వాలు: నర్సరీలో పెంచిందైతే సరే, అడవిలో పీకింది మాత్రం కొనకూడదు. ఆ జాతికి ముప్పుంది. అయినా తమ్ముడు అడిగింది సారసీనియా గురించి కదా. పర్పూరియాలో కూడా వెనోసా అని దక్షిణాది రకం ఉంది. ఉత్తరాది రకమే కావాలంటే మాత్రం బాబాయ్ గారి ఫ్రిజ్‌కి నేను అడ్డు చెప్పను.

జయపురం మొక్కలు: అయితే మైనర్‌తో మొదలుపెడతా, ఆరుబయటే. ఫిబ్రవరిలో కుండీ మార్చవచ్చా, లేక మొక్క నిద్ర పూర్తిగా వదిలేదాకా ఆగాలా?

పొట్టంగి వాలు: కొత్త మొలక కనబడకముందే మార్చెయ్యి. పూమొగ్గ వచ్చాక వేర్లు కదపకు.