వాకర్‌తో నడిచే పాపకు రెండో అంతస్తులో క్లాసు, టీసీ తీసుకోమంటున్నారు – ఏం చేయాలి?

పాలపిట్ట:
పాపకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కండరాల కదలిక కష్టమవడం), వాకర్‌తో నడుస్తుంది. చదువు బాగానే ఉంది, రాయడమే నెమ్మది. ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి అయిపోతోంది. ఆరో తరగతి రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. "మా దగ్గర సౌకర్యాలు లేవు, టీసీ తీసుకోండి" అంటున్నారు. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో వైకల్యం 55 శాతం అని ఉంది. ప్రైవేటు స్కూలుకు చట్టం వర్తిస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సెక్షన్_పదహారు:
ముందు ఆ టీసీ దరఖాస్తు మీద సంతకం పెట్టకండి. పెట్టారో, రికార్డులో "తల్లిదండ్రుల కోరిక మేరకు" అని ఎక్కుతుంది. స్కూలే పంపేసిందని తర్వాత మీరెంత చెప్పినా కాగితం వాళ్ల వైపే మాట్లాడుతుంది.

చట్టం వర్తిస్తుందండీ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16 ప్రభుత్వ నిధులు తీసుకునే బళ్లతో పాటు గుర్తింపు ఉన్న బళ్లకూ ఉద్దేశించిందే. కాకపోతే అందులో "ప్రభుత్వం ప్రయత్నించాలి" అనే మాట ఉంది, స్కూలు లాయరు దాన్నే పట్టుకుంటాడు. అందుకని సెక్షన్ 3, సెక్షన్ 2(హెచ్) కూడా రాయండి. అవసరమైన సర్దుబాటు చేయకపోవడమూ వివక్షేనని 2(హెచ్)లో ఉంది.

ప్రిన్సిపాల్‌కు లేఖ రెండు కాపీలు తీయండి. అడిగేది ఒక్కటే ఉండాలి: "ఆరో తరగతిలో ఒక సెక్షన్‌ను కింది అంతస్తుకు మార్చండి." గదులు అటూ ఇటూ మార్చుకునే పని, రూపాయి ఖర్చుండదు. అదే లిఫ్టు అడిగితే "డబ్బుల్లేవు" అని తేలిగ్గా తప్పించుకుంటారు. రెండో కాపీ మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. వారంలో జవాబు రాకపోతే అదే లేఖ జతచేసి ఎంఈఓకి (మండల విద్యాధికారి), డీఈఓకి (జిల్లా విద్యాధికారి), ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఇవ్వండి. కమిషనర్‌కి సాక్షుల్ని పిలిపించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. చివరికి ఇచ్చేది సిఫారసే అయినా, పిలుపు రాగానే చాలా స్కూళ్లు దారికొస్తాయి. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి జరిమానా 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా.

రిసోర్స్_టీచర్:
కింది గది ఇచ్చినా పని అయిపోదు. వరండాకు ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే 15 సెంటీమీటర్ల మెట్టు ఒకటుంటే 1.8 మీటర్ల ర్యాంపు, మూడుంటే 5.4 మీటర్లు. మెట్ల మీద చెక్కపలక వేసి "ర్యాంపు కట్టాం" అంటారు, ఒప్పుకోకండి. అంత నిటారు వాలులో దిగేటప్పుడు వాకర్ ముందుకు జారిపోతుంది.

ఇక బాత్రూమ్. పిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండేది దీనివల్లే. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పాప పడిపోయినప్పుడు ఒళ్లు అడ్డుపడి బయటి నుంచి తెరవలేరు. కబ్జాలు మార్చి బయటికి తెరుచుకునేలా పెట్టించండి. వెస్ట్రన్ కమోడ్, పక్కన గోడకు పట్టుకునే కడ్డీ కావాలి.

పాలపిట్ట:
చాలా థాంక్సండీ. "ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి పంపండి, అక్కడే మంచిది" అని కూడా అంటున్నారు.

రిసోర్స్_టీచర్:
భవితలో ఫిజియోథెరపీ, ఐఈఆర్‌పీల (ఇలాంటి పిల్లలకు చదువులో సాయపడే ప్రత్యేక టీచర్లు) సాయం దొరుకుతాయి, తప్పకుండా వాడుకోండి. కానీ మామూలు బడిలో కూర్చోగల పాపకు అది బడికి బదులు కాదు. స్కూలు వాళ్లు అంటున్న ఆ మాటనూ రాసిమ్మనండి.

పరీక్షల_పంతులు:
రాత నెమ్మది అన్నారు కదా. పరీక్షల్లో అదనపు సమయం ఇప్పటి నుంచే అడగండి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. స్క్రైబ్ (పాప చెబితే రాసిపెట్టే మనిషి) వేరు, సమయం వేరు. తనే రాయగలిగితే సమయం ఒక్కటే తీసుకోవచ్చు. స్క్రైబ్ కావాలంటే ముందు యూనిట్ టెస్టుల్లో అలవాటు చేయించండి. చెప్పి రాయించడం కూడా నేర్చుకోవలసిన పనే, ముఖ్యంగా లెక్కల్లో. "భిన్నం, పైన ఇది, కింద ఇది" అని చెప్పడం రాక మార్కులు పోతాయి.