ఇక్ సర్కార్ బాఝోం... బోఝోం?

బాటసారి: నిరుడు పంజాబులో ఫిరోజ్‌షా యుద్ధ స్మారకం దగ్గర ఒక పెద్దాయన, సిక్కులకూ ఇంగ్లీషువాళ్లకూ జరిగిన యుద్ధం మీద షా మొహమ్మద్ రాసిన పంజాబీ కావ్యం జంగ్‌నామాలోంచి చదివిన పాదం ఇంకా నోట్లో నానుతోంది. "ఇక్ సర్కార్ బోఝోం, ఫౌజాం జిత్ కే అంత్ నూ హారియాం నే." సర్కారు బరువై, గెలిచిన ఫౌజులే ఓడాయనా? సిక్కు సేనానులు లాల్ సింగ్, తేజ్ సింగ్‌ల నిర్వాకానికి సరిపోతుంది.

జలంధర్ తెలుగు: బోఝోం కాదండీ, బాఝోం. 'లేక' అని. పంజాబీలో పదం మధ్య ఝకి వత్తు పోయి, ముందున్న అచ్చు స్వరం పైకి లేస్తుంది. మీ చెవి అక్కడే మోసపోయింది.

నిఘంటువు పురుగు: సంస్కృతంలో బాహ్య, ప్రాకృతంలో బజ్ఝ, పంజాబీలో బాఝ్. అర్థంలో మన 'వెలిగా'కు చుట్టం.

గణవిభజన: వర్జ్యం నుంచి కాదూ?

నిఘంటువు పురుగు: కాదు.

పాతపుస్తకం: అసలు చిక్కు 'సర్కార్'లో ఉంది. అది ప్రభుత్వం కాదు, 1839లో పోయిన సిక్కు మహారాజు రంజిత్ సింగ్. ఆ పాదానికి ముందే కవి "అజ్ హోవే సర్కార్ తాం ముల్ పావే" అన్నాడుగా. ఇవాళ ఆయనే ఉంటే ఖాల్సా (సిక్కు సేన) కత్తివేటుకు విలువ కట్టేవాడని. 1845 డిసెంబరు 22న ఫిరోజ్‌షాలో ఇంగ్లీషు ఫిరంగులకు మందుగుండు దాదాపు నిండుకుంది. కొత్త సేనతో వచ్చిన తేజ్ సింగ్ వెనుదిరిగాడు. 'జిత్ కే', గెలిచి, అంటే అదీ.

జలంధర్ తెలుగు: 'ఇక్' అంటే 'ఒక్క' కదా, దాని మాటేమిటి? నాలుగేళ్లలో రంజిత్ వారసులు ఖడక్ సింగ్, నౌనిహాల్, షేర్ సింగ్ పోయి పసివాడు దలీప్ మిగిలాడు. 'ఒక్కటైన ఏలుబడి లేక' అని ఎందుకు కాకూడదు?

సర్కారు తుమ్మ: మా కాకినాడలో సర్కారంటే రైలు.

గణవిభజన: రాజు పోయిన ఏడుపంటే పెద్దనదే. "బ్రదికి యున్నాడ జీవచ్ఛవంబ నగుచు."

పాతపుస్తకం: ఆయన ఏడ్చింది గండపెండేరానికి, అగ్రహారాలకు. షా మొహమ్మద్ ఏడ్చింది కూలిన సిపాయిలకు.

గణవిభజన: పల్లకి తన చేత్తో పట్టి ఎత్తిన రాజండీ! ఆ 'శవంబ'లో బాధ చూశారా? శవాన్నే అంటున్నాడు.

నిఘంటువు పురుగు: బాధ సరే, మీ ప్రతిలో అరసున్నలు ఉన్నాయా?

బాటసారి: ఇంతకీ 'ఇక్' ఏ అర్థంలో తీసుకోమంటారు?

గణవిభజన: నా ప్రతిలో ఉన్నాయి. రేపు ఫొటో పెడతాను.