అల్యూమినియం పడవ: ప్రైమర్‌కు ముందు ఏం చేయాలి?

నీటికోడి:
సెకండ్ హ్యాండ్‌లో అల్యూమినియం పడవ కొన్నాను. గోటితో గీరితే చాలు, పాత పెయింట్ పొరలుగా లేచొస్తోంది. కింద తెల్లటి పొడి. మొత్తం తీసేసి కొత్తగా వేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

తెడ్డు:
ఆ తెల్లపొడే అసలు సమస్యండీ. అది అల్యూమినియం తుప్పు. ఎంత మంచి ప్రైమర్ వేసినా పొడికి అంటుకుంటుంది గానీ లోహానికి కాదు. కాస్టిక్ సోడా కలిసిన పెయింట్ రిమూవర్ మాత్రం వాడకండి, అల్యూమినియాన్నే తినేస్తుంది. మామూలు ఇనుప బ్రష్షూ వద్దు. ఇనుప రజను లోహంలో దిగబడితే, తడి తగిలినప్పుడు అక్కడే గుంటలు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్‌దో నైలాన్‌దో తీసుకోండి.

లంగరు:
అన్నిటికంటే ముందు జిడ్డు వదిలించండి. జిడ్డు మీదే సాండ్ పేపర్ పెడితే అది గీతల్లోకి దిగిపోతుంది, తర్వాత ఎంత తుడిచినా రాదు. రెండు గుడ్డలు పెట్టుకోండి. ఒకదానితో సాల్వెంట్ (జిడ్డును కరిగించే ద్రవం) రాసి, ఆరకముందే రెండోదానితో తుడిచేయాలి. ఆరనిస్తే కరిగిన జిడ్డు మళ్ళీ అక్కడే పేరుకుంటుంది. గుడ్డలు మారుస్తూ ఉండండి. చివర్లో నీళ్ళు చల్లి చూడండి. పలచటి పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, బొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టు.

నీటికోడి:
చాలా థాంక్సండీ. ఎన్నో నంబరు పేపర్? ఈ ఆదివారం రుద్ది, వచ్చే ఆదివారం ప్రైమర్ వేయొచ్చా?

తెడ్డు:
80 నుంచి 120 సరిపోతుంది. నున్నగా మెరిపించకండి, ప్రైమర్‌కు పట్టు ఉండాలి. వారం ఆగడం మాత్రం వద్దే వద్దు! రుద్దిన వెంటనే గాలి తగిలి ఆక్సైడ్ పొర మళ్ళీ కడుతుంది. కొన్ని గంటల్లోనే ప్రైమర్ పడాలి. ఒక్కరే చేస్తుంటే ఒక్కో భాగం రుద్ది, దానికి ప్రైమర్ వేశాకే పక్క భాగానికి వెళ్ళండి.

రేవుగట్టు:
ఎచ్ ప్రైమర్ (యాసిడ్‌తో లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ప్రైమర్) మీద ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వేసే గట్టి పూత) వేస్తారేమో, అన్నిటికీ పొసగదు. రెండూ ఒకే కంపెనీవి తీసుకుని, వాళ్ళ డేటా షీట్ చదవండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి తడుపుతూ గీకండి, మంచి మాస్క్ పెట్టుకోండి.

నీటికోడి:
పడవ ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది. నాచు పట్టకుండా రాగి పెయింట్ వేయొచ్చా?

లంగరు:
క్యూప్రస్ ఆక్సైడ్ (రాగి ఆక్సైడ్) ఉన్నది వద్దండీ. ప్రైమర్ ఎక్కడైనా గీసుకుపోతే రాగి, అల్యూమినియం, నీళ్ళు కలిసి బ్యాటరీ అవుతుంది. అరిగేది అల్యూమినియమే. రాగి లేనిది, అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. జింక్ ఆనోడ్‌లుంటే (పడవకు బదులు తాము అరిగిపోయేలా బిగించే జింక్ ముక్కలు) ముందే టేపు వేసి మూసేయండి, పెయింట్ పడితే అవి పనిచేయవు.