ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేదని మందుల స్టాకిస్ట్‌షిప్ ఆపేశారు, సీసీఐ (కాంపిటీషన్ కమిషన్)కి వెళ్లొచ్చా?

అన్నా, మాది కావలి, హోల్‌సేల్ మందుల షాపు, మందులు హోల్‌సేల్‌గా అమ్మడానికి కావాల్సిన 20బి 21బి లైసెన్సులు రెండూ ఉన్నాయి. జూన్‌లో ఒక కంపెనీకి స్టాకిస్ట్‌గా (వాళ్ల మందులు కొని షాపులకు సప్లై చేసేవాడిగా) అప్లై చేశా, డిపాజిట్ డీడీ కూడా తీసుకున్నారు, తీరా సరుకు పంపేటప్పుడు ఏరియా మేనేజర్ ఫోన్ చేసి జిల్లా మందుల వ్యాపారుల అసోసియేషన్ ఎన్ఓసీ తెస్తేనే బిల్లు కొడతాం అంటా ఉన్నాడు. అసోసియేషన్ వాళ్లేమో ఊళ్లో ఇప్పటికే ఇద్దరున్నారు, మూడోవాడు దేనికి అంటారు. అది చెప్పడానికి వాళ్లెవరో!

కంపెనీకి మూడు మెయిల్స్ పెట్టా, జవాబు లేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ని అడిగితే ఎన్ఓసీ అనేది మా రూల్స్‌లో లేదన్నాడు, అంతే. ఇలా ఎన్ఓసీ అడగడం తప్పని సీసీఐ 2013 నుంచే ఆర్డర్లు ఇచ్చిందని, కాంపిటీషన్ చట్టంలో పోటీని దెబ్బతీసే ఒప్పందాల గురించిన సెక్షన్ 3 కింద వస్తుందని, 3 ఏళ్లలోపు కంప్లయింట్ వేయాలని చదివా. చిక్కేంటంటే రాతలో ఎవరూ ఏమీ ఇవ్వలేదు, నా దగ్గరున్నది 4 నిమిషాల కాల్ రికార్డింగు, "ముందు ఎన్ఓసీ తెచ్చుకో" అని మేనేజర్ పెట్టిన ఒక వాట్సాప్ మెసేజు.

ఎవరైనా ఇలాంటి కంప్లయింట్ వేసినవాళ్లుంటే చెప్పండి, ఈ రెండు ఆధారాలతోనే సీసీఐ విచారణకి తీసుకుంటుందా?