ఒపస్ 131: బుష్ 1936 రికార్డింగునే ఇంకా ముందు పెట్టాలా?

మంద్రస్థాయి (మైలాపూర్)
బేతోవెన్ 1826లో రాసిన ఒపస్ 131, అంటే రెండు వయొలిన్లు, వయోలా (కాస్త పెద్ద వయొలిన్), చెల్లో వాయించే సి షార్ప్ మైనర్ క్వార్టెట్‌ను కొత్తగా వినబోయేవారికి నేను వయొలినిస్టు అడాల్ఫ్ బుష్ బృందమైన బుష్ క్వార్టెట్ 1936 రికార్డింగే చెప్తాను. ఎందుకో మన కర్ణాటక సంగీతం లెక్కలోనే చెప్తా. ఒకటిన్నర శ్రుతి (సి షార్ప్) పెట్టుకోండి, అదే షడ్జం. మొదటి వయొలిన్ ఒంటరిగా ప, ని, స పలికి ధ మీదికి దిగుతుంది. కాకలి నిషాదం, శుద్ధ ధైవతం. ఆ ధ మీద బేతోవెన్ స్ఫోర్జాండో (స్వరాన్ని ఒత్తి పలకమనే) గుర్తు వేశాడు. అది దెబ్బ కాదు, లోపలి నుంచి వచ్చే ఒత్తు. అడాల్ఫ్ బుష్ వైబ్రాటోను (స్వరాన్ని వేలితో ఊపడాన్ని) చాలా పొదుపుగా వాడతాడు కాబట్టి ఆ పని మొత్తం కమాను బరువే చేస్తుంది. అక్కడక్కడా మితంగా జారులు. చౌకకాలంలో (నెమ్మది నడకలో) కూడా వాక్యం తెగదు. తర్వాతి తరాల్లో చాలామంది ప్రతి స్వరాన్నీ ఒకే రకంగా ఊపుతారు. అప్పుడు ఆ ధ మిగతా స్వరాల్లో కలిసిపోతుంది.

నాలుగోతీగ (కోడంబాక్కం)
మంద్రస్థాయి గారూ, మొదటి మూవ్‌మెంట్ (భాగం) వరకు ఒప్పుకుంటాను. కానీ ఈ కృతి ఏడు మూవ్‌మెంట్లు, ఆగకుండా వాయించాలి. అప్పటి 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు) పన్నెండంగుళాల ప్లేటు ఒక్కో వైపు నాలుగు, నాలుగున్నర నిమిషాలే. దాదాపు నలభై నిమిషాల సంగీతాన్ని అలా ముక్కలు చేసి రికార్డు చేశారు. ఇప్పటి కాపీల్లో అతికినా, అతుకు దగ్గర గరగర మారడం వినిపిస్తుంది.

ఇంకొకటి. ఐదో మూవ్‌మెంట్ ప్రెస్టో (చాలా వేగమైనది) చివర్లో కమానును బ్రిడ్జికి (తీగలను మోసే చెక్కముక్కకు) ఆనించినట్టుగా వాయించమని రాసి ఉంది. ఆ గాజు గీసినట్టుండే శబ్దమంతా అతిస్వరాల్లోనే (అసలు స్వరం పైన మోగే సన్నని స్వరాల్లోనే) ఉంటుంది. పాత మైకులు, ప్లేట్లు వాటిని సరిగా పట్టలేవు. బేతోవెన్ కోరిన రంగు అక్కడ సగమే దొరుకుతుంది. 2000ల తొలినాళ్ల టకాచ్ క్వార్టెట్ రికార్డింగులో ఆ చోటు, దానికి ముందు నలుగురూ తీగను వేలితో మీటుతూ ఒక్కో స్వరాన్ని ఒకరి నుంచి ఒకరికి అందించుకునే చోటు వినండి. ఎవరు మీటారో కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

వయోలా పక్షం
ఇద్దరూ వేగ్ క్వార్టెట్‌ను వదిలేశారు! 1970ల స్టీరియో. శ్రుతి అక్కడక్కడా తప్పుతుంది, కాదనను. కానీ ఆరో మూవ్‌మెంట్, 28 బార్లే (తాళపు ఆవర్తాల్లాంటివి), వయోలా ఎత్తుకునే పాట. మిగతా ముగ్గురూ ఆ పాట వెనక నడుస్తారు. క్వార్టెట్టో ఇటాలియానో అనే బృందం రికార్డింగులో నాలుగు వాద్యాలూ ఒకే వాద్యంలా కలిసిపోతాయి. అందమే, కానీ ఈ ఒక్కచోట నాకు ఆ కలయిక అక్కర్లేదు.

నాలుగోతీగ
శ్రుతి తప్పడం చిన్న విషయం కాదండీ, ఈ కృతిలో మరీను. మొదట్లో ఆ ప ని స ధకు రెండో వయొలిన్ ఇచ్చే జవాబు సి షార్ప్‌లో మొదలై, దాని ఒత్తు డి మీద పడుతుంది. మన లెక్కలో శుద్ధ రిషభం. వయొలిన్ ఓపెన్ తీగల్లో (వేలు పెట్టకుండా మోగేవాటిలో) జి, డి రెండూ ఈ సి షార్ప్ మైనర్ స్వరాల్లో లేవు. అందుకే వాద్యం మూసుకున్నట్టు పలుకుతుంది. ఆ డి సరిగ్గా పడితే మాత్రం ఓపెన్ తీగ తనంతట తాను మోగుతుంది, చీకటిగదిలో తలుపు కొద్దిగా తెరిచినట్టు. కొంచెం హెచ్చినా తగ్గినా మోగదు. మొదటి మూవ్‌మెంట్ చివర సి షార్ప్ కింది స్థాయి నుంచి పై స్థాయికి లేస్తుంది. వెంటనే అదే ఎగురు డిలో, చాలా తక్కువ ధ్వనితో, రెండో మూవ్‌మెంట్ మొదలు. ఒకటిన్నర నుంచి రెండు శ్రుతికి. ఆదిలో ఒత్తిన రిషభమే ఇక్కడ షడ్జం అయింది.

మంద్రస్థాయి
ఇది నేను గమనించలేదు, సరిగ్గా చెప్పారు. దీన్ని బట్టి బుష్‌ను కొట్టేసే ముందు ఏ కాపీ విన్నారో చూసుకోండి. ప్లేటును సుమారు 78 వేగంలో తిప్పాలి. 80లో తిప్పితే శ్రుతి ఒక స్వరస్థానంలో సగానికి కాస్త తక్కువగా హెచ్చుతుంది. శ్రుతిపెట్టె ఆన్ చేస్తే బయటపడుతుంది. గరగర మరీ తీసేసిన కాపీలు ఇంకా ప్రమాదం. గరగరతో పాటు వయొలిన్ అంచూ పోతుంది, వయోలా దూదిలో చుట్టినట్టు ఉంటుంది. కొంత గరగర ఉంచిన కాపీనే తీసుకోండి.

కీరవాణి కాదు
ఒక్క అభ్యంతరం. ప ని స ధ అనగానే మనవాళ్ల చెవి కీరవాణిలో స్థిరపడుతుంది. ఇక్కడ షడ్జం కదులుతూనే ఉంటుంది. శ్రుతిపెట్టె ప్లేటు వేగం తేల్చడానికే. వింటున్నప్పుడు ఆపేయాలి.

నాలుగోతీగ
అవును, ఆపేయాలి. పోల్చేవారికి ఇంకొన్ని. యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివరను మరో ట్రాక్ మొదలుతో కలిపేది) తీసేయండి, లేకపోతే ఆ సి షార్ప్, డి ఒకదానిమీద ఒకటి పడతాయి. నార్మలైజేషన్ (ధ్వని మట్టాన్ని సరిచేసేది) ఆల్బమ్ మోడ్‌లో ఉంచండి. ట్రాక్ మోడ్ అయితే ధ్వని తక్కువగా ఉన్న మూవ్‌మెంట్‌ను పైకి లాగేస్తుంది. రెండు రికార్డింగుల ధ్వని మట్టం ఒక డెసిబెల్ తేడాలోపు ఉండాలి, గట్టిగా ఉన్నదే మంచిదని చెవి పొరబడుతుంది. పాత ప్లేటు గరగర ధ్వనిని కొలిచే మీటరును తప్పుదారి పట్టిస్తుంది కనుక ఏడో మూవ్‌మెంట్ మొదట్లో నలుగురూ కలిసి కొట్టే చోట కొలవండి. ఫ్యాన్, ఏసీ ఆపి తీరాలి. చెన్నైలో మేలో అది సాధ్యమయ్యేది తెల్లవారుజామునే.

వయోలా పక్షం
అలా కొలిచి వేగ్ ఆరో మూవ్‌మెంట్ కూడా వినండి. ఆ తర్వాత మాట్లాడదాం.